జెనరేషన్ – రిప్రొడక్షన్ : పుట్టుకను దెలుపు నొక యాంగ్లపదము చరిత్ర

ప్రాణుల పుట్టుకను శాస్త్రరీతిని జెప్పుటకు ఆంగ్లభాషలో నేడు ‘రిప్రొడక్షన్’ అను పదము వాడుకలో నున్నది. దీనికి సమానముగా తెలుగు పాఠ్యగ్రంథములలో ‘ప్రత్యుత్పత్తి’ స్థిరపడినది. ఈ పదము లేని జీవశాస్త్రమును మన మూహింపజాలము. కాని పదునెనిమిదవ శతాబ్ది మధ్యము వఱకు ఐరోపా పండితులు సంతానోత్పత్తిని ఈ పేరుతో వ్యవహరింపలేదు. వారు వాడిన పదము ‘జెనరేషన్’. గ్రీకుల కాలమునుండి వచ్చిన విచారమునంతయు మోసిన ఆ పాత పదము శాస్త్రమునుండి ఎట్లు తొలగెను? దాని స్థానమున ‘మరల ఉత్పత్తిచేయుట’ అను అర్థము గల పద మెందుకు వచ్చెను? ఆ మార్పుతో పాటు భావము కూడ మాఱెనా? ఈ ప్రశ్నలను విచారించి, తుదకు మన పారిభాషికపదములను గూర్చి కొంత చెప్పుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఈ విచారమునకు నన్ను పురికొల్పినది తరగతిలో నొక విద్యార్థి వేసిన ప్రశ్న. అతడు రైతు కుటుంబమువాడు. “మా యింట ఆవు ఈనును. పుస్తకములో ఆవు ప్రత్యుత్పత్తి జరుపును. ఈ రెండును ఒకటేనా?” అని యడిగెను. ఒకటే యని అప్పుడు చెప్పితిని. ఆ సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు.

1. ధాతువు, దాని బంధువులు

‘జెనరేషన్’ లాటిన్ భాషలోని ‘జెనెరారె’ అను క్రియనుండి పుట్టినది. దానికి మూలము ‘జెనుస్’. వంశము, కులము, జాతి యని అర్థము. గ్రీకున ‘జెనెసిస్’, సంస్కృతమున ‘జన్’ ధాతువు దీనికి జ్ఞాతులు. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషల బంధుత్వమును ప్రకటించిన నాటినుండి ఇండో-ఐరోపా భాషాశాస్త్రము పెరిగి, ఈ సంబంధమును నిస్సంశయముగా నిరూపించినది. ఆంగ్లమున చుట్టఱికమును దెలుపు ‘కిన్’, రకమును దెలుపు ‘కైండ్’ కూడ ఈ కుటుంబములోనివే. ‘నేషన్’, ‘నేచర్’ అను పదములలో నీ ధాతువు గుర్తింపరాకుండ దాగియున్నది. లాటిన్ ‘నాటుస్’ అనగా పుట్టినవాడు. దాని ప్రాచీనరూపము ‘గ్నాటుస్’.

మన భాషలో తత్సమములుగా నున్న జనకుడు, జనని, జన్మము, జాతి, జంతువు, ప్రజ మొదలగునవన్నియు ‘జన్’ ధాతువు సంతతియే. ఇందు ‘ప్రజ’ మిక్కిలి గమనింపదగినది. ఈ పదమునకు మొదటి యర్థము సంతానము. తరువాతనే రాజు పాలించు జనులు ప్రజలైరి. పుట్టుకనుండి జనసమూహమునకు అర్థము ప్రసరించుట ‘నేషన్’ విషయమునను, ‘ప్రజ’ విషయమునను ఒకే తీరున జరిగినది. ఇది యొండొరులను జూచి చేసినది కాదు. పుట్టుకచేతనే మనుష్యుడు ఒక సమూహమునకు చెందునను తలంపు రెండు చోట్లను ఉండుటయే కారణము.

ఇచట నొక హెచ్చరిక యవసరము. తెలుగున ‘కను’ అను క్రియను జూచి, అది ‘జన్’ ధాతువునకు వికృతియని తలచుట సులభము. అది పొరపాటు. ‘కను’ ద్రావిడధాతువు. తమిళమున దూడను, లేతమొక్కను దెలుపు ‘కన్ఱు’ దీనికి బంధువు. చూచుట యను అర్థముగల ‘కను’ వేఱు. అది తమిళ ‘కాణ్’ ధాతువుతో చేరును. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ రెంటిని వేఱువేఱు పదకుటుంబములుగా చూపుచున్నది. తెలుగున రెండును ధ్వనిలో నేకమైనందున ‘కన్నవారు’ అనుమాట చమత్కారమునకు చోటిచ్చుచున్నది గాని, వ్యుత్పత్తికి కాదు.

సృష్టిని దెలుపు ‘క్రియేట్’ అను ఆంగ్లపదము సంగతి కూడ చూడవలెను. అది లాటిన్ ‘క్రెయారె’నుండి వచ్చినది. పెరుగుటను దెలుపు ‘క్రెస్కెరె’ దానికి బంధువు. మన ‘సృష్టి’ శబ్దము విడుచు, వెలికి పంపు అను అర్థము గల ‘సృజ్’ ధాతువునుండి పుట్టినది. అనగా సృష్టివాచకములని మనము గౌరవించు పదములు మొదట పెరుగుట, వెలువడుట వంటి సామాన్యక్రియలను చెప్పిన పదములే. మనుష్యుడు తానెఱిగిన పుట్టుకనుండియే ఎఱుగని సృష్టిని ఊహించెనని భాషలు సాక్ష్యమిచ్చుచున్నవి.

2. పుట్టుట, చేయబడుట

అరిస్టాటిల్ క్రీస్తుపూర్వము నాల్గవ శతాబ్దిలో ప్రాణుల ఉత్పత్తిని గూర్చి ప్రత్యేకగ్రంథము రచించెను. దాని పేరులోని ‘జెనెసిస్’ పదమును మధ్యయుగముల లాటిన్ అనువాదకులు ‘జెనెరాటియో’ అని మార్చిరి. ఇదే పదమును ఉత్పత్తి వినాశములను గూర్చిన అతని మఱియొక గ్రంథమునకును వాడిరి. కావున ‘జెనెరాటియో’ ప్రాణులకు మాత్రమే చెందినది కాదు; లేనిది కలుగుట యంతయు దాని పరిధిలోనిదే. నిప్పునుండి పొగయు, కుళ్లినదానినుండి పురుగును, తల్లినుండి బిడ్డయు కలుగుట ఒకే శాస్త్రమున విచారింపబడెను.

అరిస్టాటిల్ మతమున సంతానమునకు తండ్రి రూపమును, తల్లి ద్రవ్యమును సమకూర్చును. అతడు దీనికి వడ్రంగిని దృష్టాంతముగా చూపెను. వడ్రంగి దేహమునుండి ఏదియు కొయ్యలోనికి పోదు. అతని చలనము మాత్రమే కొయ్యకు రూపమునిచ్చును. ఈ దృష్టాంతముచే పుట్టించుట యనునది చేయుటతో పోల్చబడెను. తల్లి పాత్ర కొయ్య పాత్రకు దిగెను. ఒక ఉపమానము స్త్రీని గూర్చిన అభిప్రాయమును ఎంతకాలము శాసింపగలదో చెప్పుటకు ఇంతకంటె మంచి యుదాహరణము లేదు.

పుట్టుటకును చేయబడుటకును భేదమున్నదని గట్టిగా పలికినది క్రైస్తవమత చరిత్ర. 325లో నికేయా నగరమున సమావేశమైన మతాచార్యులు, క్రీస్తు తండ్రికి జన్మించినవాడే గాని నిర్మింపబడినవాడు కాడని నిర్ణయించిరి. కుమ్మరి చేసిన కుండ కుమ్మరి జాతిది కాదు. కుమ్మరి కన్న కొడుకు అతని జాతివాడే. ఈ భేదముపైననే వారి సిద్ధాంతము నిలిచినది. తరువాతి ఆంగ్లమున ‘జెనరేషన్’ ఒకవైపునను ‘క్రియేషన్’ మఱియొకవైపునను నిలుచుటకు ఈ వివాదము ముఖ్యమైన పునాదులలో నొకటి.

1611 నాటి ఆంగ్ల బైబిలులో మత్తయి సువార్త మొదటి వాక్యమున ‘జెనరేషన్’ వంశక్రమమను అర్థమున కనబడును. ఆ వంశక్రమమున తండ్రులకు వాడిన క్రియ ‘బిగెట్’. ఈ క్రియకు ప్రాచీనాంగ్లమున పొందుట, సంపాదించుట యని అర్థము. పిమ్మట అది తండ్రి పుట్టించుటకు రూఢమైనది. తల్లికి వేఱుగా ‘బేర్’ అను క్రియ, అనగా మోయుట, ఏర్పడినది. ఒకరు పొందుదురు, ఒకరు మోయుదురు. తెలుగు బైబిలు అనువాదకులకు ఈ చిక్కు లేదు. వారచట ‘కనెను’ అని వ్రాసిరి. తెలుగున కన్నతల్లి యెంత సహజమో కన్నతండ్రియు నంత సహజము. ఒకే క్రియ ఇరువురికిని చెల్లును. ఆంగ్లములో లేని ఈ సౌలభ్యము మూలమగు గ్రీకు క్రియలో నున్నది. అనువాదము మధ్యనున్న భాషను దాటి మూలమును చేరుట అరుదుగా జరుగు అదృష్టము.

3. అండము, అందలి వివాదము

‘జెనరేషన్’ శాస్త్రపదముగా ఉచ్చదశ ననుభవించినది పదునేడవ శతాబ్దిలో. రక్తప్రసరణమును నిరూపించిన విలియం హార్వీ 1651లో ప్రాణుల జెనరేషన్‌ను గూర్చి లాటిన్ గ్రంథమును ప్రకటించెను. 1653లో దాని ఆంగ్లానువాదము వెలువడెను. సమస్తమును అండమునుండియే కలుగునను సూత్రమును దాని ముఖచిత్రము ప్రకటించినది. హార్వీ మొదటి చార్లెస్ రాజుగారి వనములోని లేళ్లను కోసి చూచెను. సంయోగానంతరము చాల దినముల వఱకు గర్భాశయమున నేమియు గానరాలేదు. కానరాని కార్యము నెట్లు వివరించుట? మెదడు భావమును ధరించునట్లే గర్భాశయము శిశువును ధరించునని అతడు సాదృశ్యమును జెప్పెను. ఆంగ్లమున గర్భధారణమును, భావనను ‘కన్సెప్షన్’ అను నొక్క పదమే తెలుపును. పదమునందలి శ్లేష శాస్త్రజ్ఞునకు సిద్ధాంతమైనది.

1668లో ఫ్రాన్చెస్కో రెడి మాంసమును పలుచని బట్టతో కప్పి, ఈగలు వ్రాలనిచో పురుగులు పుట్టవని చూపెను. 1677లో లేవెన్‌హుక్ సూక్ష్మదర్శినితో శుక్రమందలి సూక్ష్మజీవులను కనుగొనెను. వీనినుండి రెండు పక్షములు బయలుదేరెను. శిశువు సంపూర్ణాకారముతో అండమునందు ముందే యున్నదని కొందఱు, శుక్రకణమునందున్నదని మఱి కొందఱు వాదించిరి. ఒక అండమున మఱియొక అండము, దానియందు వేఱొకటి, ఇట్లు రాబోవు తరములన్నియు ఆదిసృష్టియందే ఇమిడియున్నవని వారి మతము. ఈ మతము నంగీకరించినచో ‘జెనరేషన్’ అనునది లేనేలేదు. ఉన్నది ఒక్క ‘క్రియేషన్’ మాత్రమే. తక్కినదంతయు మడత విప్పుట. 1759లో కాస్పర్ వుల్ఫ్ తన జెనరేషన్ సిద్ధాంతమున దీనిని ఖండించి, అవయవములు క్రమముగా కొత్తగా నేర్పడునని వాదించెను.

మన దర్శనములు చదివిన వారికిది యపరిచితము కాదు. కార్యము కారణమునందు ముందే యున్నదని సాంఖ్యులు, లేనిది కొత్తగా నారంభమగునని నైయాయికులు చెప్పిరి. సాదృశ్యము వాదముల ఆకృతియందే గాని విషయమునందు కాదు. సాంఖ్యులకు సూక్ష్మదర్శిని లేదు. ఐరోపావారికి సత్కార్యవాదముతో పరిచయము లేదు. ఐనను ‘పుట్టుట’ యను పదమును నిలువదీసి యడిగిన ప్రతిచోట ఈ రెండు సమాధానములే రావలసియున్నవేమో.

4. ఎండ్రకాయ కాలు, నీటిపురుగు ముక్కలు

‘రిప్రొడక్షన్’ శాస్త్రమున ప్రవేశించిన ద్వారము సంతానము కాదు. 1712లో రెయొమ్యూర్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎండ్రకాయలు, నీటిరొయ్యజాతి ప్రాణులు తెగిన కాళ్లను మరల మొలిపించుకొనుటను పరీక్షించి, ఆ క్రియకు ‘రిప్రొడక్షన్’ అని పేరుపెట్టెను. ఉన్నది పోయి మరల ఏర్పడుట కావున ‘రి’ అను ఉపసర్గ యచట మిక్కిలి తగియున్నది.

1740లో రెండు సంగతులు జరిగెను. షార్ల్ బొనే పేనుబంక పురుగు మగదానితో చేరకయే పిల్లలను పెట్టుట గమనించెను. హేగ్ నగర సమీపమున నొక ప్రభువు పిల్లలకు చదువు చెప్పుచున్న ఏబ్రహాం ట్రెంబ్లే, నీటిలోని హైడ్రాను ముక్కలుగా కోయగా ప్రతి ముక్కయు సంపూర్ణప్రాణి యగుట చూచెను; 1744లో ఆ వృత్తాంతమును గ్రంథముగా ప్రకటించెను. తెగిన ముక్క తనను పూరించుకొనుట అవయవము మొలచుటయా, సంతానము కలుగుటయా? రెండును అగును. సరిగా ఇక్కడనే పాత పదమునకును కొత్త పదమునకును నడుమనున్న గట్టు తెగినది.

1749లో బ్యుఫాన్ తన ప్రకృతిచరిత్ర రెండవ సంపుటమున ఒక అధ్యాయమునకు సామాన్యముగా రిప్రొడక్షన్‌ను గూర్చి యని పేరుపెట్టెను. తన వంటిదానిని కలిగించుశక్తి వృక్షములకును జంతువులకును సామాన్యమని, అదియే జీవలక్షణమని అతడు చెప్పెను. ఆ శక్తిని వివరించుటకు దేహమున ‘అంతర్గతమైన అచ్చు’ ఒకటి యున్నదని ఊహించెను. అచ్చున్నచోట ప్రతులుండును. అరిస్టాటిల్‌కు వడ్రంగి, బ్యుఫాన్‌కు అచ్చు. వడ్రంగి ఒక్కొక్క వస్తువును ప్రత్యేకముగా చేయును. అచ్చు ఒకేవిధమైన వస్తువులను ఎన్నిటినైనను తీయును. పదము మాఱుటతో వెనుకనున్న ఉపమానము కూడ మాఱెను.

విచిత్రమేమనగా తెగిన అవయవము మొలచుటను నేడు ‘రీజెనరేషన్’ అందుము. సంతానోత్పత్తిని ‘రిప్రొడక్షన్’ అందుము. రెండు పదములును ఒకదాని యిల్లు మఱియొకటి మార్చుకొన్నవి.

5. ధాన్యము, ధనము, దేహము

ఈ పదము వ్యాపించుటకు జీవశాస్త్ర మొక్కటే కారణము కాదు. ఫ్రాన్సు రాజవైద్యుడగు కెనే 1758లో రచించిన ఆర్థికపట్టికలో భూమినుండి యేటేట సంపద మరల ఉత్పన్నమగుటకు ఇదే పదమును వాడెను. వైద్యుడే ఆర్థికశాస్త్రజ్ఞుడగుటచే దేహమునుండి దేశమునకు పదము సులభముగా దాటినది. 1867లో కార్ల్ మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటమున సమాజము తన ఉత్పత్తిసంబంధములను మరల మరల ఏర్పఱచుకొనుటను ఈ పేరుతోనే విచారించెను. జీవనసాధనముల ఉత్పత్తియు, మనుష్యుల ఉత్పత్తియు చరిత్రకు రెండు మూలములని 1884లో ఎంగెల్స్ వ్రాసెను. ఇందువలన నొక మేలు కలిగినది. బిడ్డలను కని పెంచుట స్త్రీల స్వభావమని తోసివేయక, అదియు సమాజమును నిలుపు శ్రమయని వాదించుటకు తరువాతివారికి ఆధారము చిక్కినది. 1994లో కైరో నగరమున జరిగిన అంతర్జాతీయ సమావేశమునుండి ‘రిప్రొడక్టివ్ హెల్త్’ హక్కుల భాషలో స్థిరపడినది. 2021లో మన పార్లమెంటు చేసిన సహాయక ప్రత్యుత్పత్తి సాంకేతికతా నియంత్రణ శాసనము పేరునను ఈ పదమే యున్నది.

‘జెనరేషన్’ నశింపలేదు. తరము అను అర్థమున సామాన్యభాషలో బలముగా నిలిచినది, విద్యుదుత్పత్తికి పోయినది, 1957లో చామ్‌స్కీ గ్రంథముతో వ్యాకరణమునకు వచ్చినది, నేడు వాక్యములల్లు యంత్రములకు విశేషణమైనది. ప్రాణుల పుట్టుక తప్ప తక్కిన పుట్టుకలన్నియు దాని పాలైనవి.

6. ప్రతి యగునా?

ఇక కొత్త పదమునందలి ఉపమానమును శాస్త్రమే ఎంతవఱకు సమర్థించినది? 1827లో ఫాన్ బేర్ క్షీరదముల అండమును కనుగొనెను. 1875లో ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రపు ముళ్లజీవి యండమున రెండు కేంద్రకములు కలియుట చూచెను. తల్లిదండ్రు లిరువురును సమానముగా పాలుపంచుకొందురని దీనితో తేలినది. అరిస్టాటిల్ వడ్రంగి సెలవు పుచ్చుకొనెను. 1905లో బేట్‌సన్ ‘జెనెటిక్స్’ అను పేరును, 1909లో యొహాన్సెన్ ‘జీన్’ అను పదమును కల్పించిరి. తొలగిన ‘జెన్’ ధాతువు వెనుకద్వారమున మరల శాస్త్రమును ప్రవేశించినది. మనము దానికి ‘జన్యువు’ అను పదమును సంస్కృత ధాతువునుండి తీసికొంటిమి. ధ్వనిసామ్యముకొఱకు చేసినదైనను, ఈ కల్పన వ్యుత్పత్తిచేతను సరియైనదే. రెండును ఒక్క ధాతువు బిడ్డలు.

జన్యుశాస్త్రము చెప్పిన ముఖ్యవిషయ మేమనగా, స్త్రీపురుష సంయోగమువలన కలుగు సంతానము ఎవరికిని ప్రతి కాదు. బీజకణము లేర్పడునపుడు క్రోమోసోములు భాగములను మార్చుకొనును; ఇరువురి భాగములు కలియును. అందుచే ఏకరూప కవలలను విడిచినచో ఒకే తల్లిదండ్రుల బిడ్డలు కూడ ఒకే జన్యుకూర్పు గలవారు కారు. బాక్టీరియా చీలునప్పుడు ‘రిప్రొడక్షన్’ అను పదము సరిగా సరిపోవును. ఆవు ఈనినప్పుడు అది ఉపమానముగా మాత్రమే సరిపోవును.

మన ‘ప్రత్యుత్పత్తి’యందు ఈ చిక్కు మఱింత హెచ్చినది. లాటిన్ ‘రి’ యనగా మరల. తెలుగువానికి ‘ప్రతి’ యనగా మొదట తోచునది వ్రాతప్రతి, అచ్చుప్రతి, నకలు. మరల యను అర్థమునకు ‘పునః’ యున్నది. కాని ‘పునరుత్పత్తి’ని అవయవములు మొలచుటకును, ఆర్థికశాస్త్రమునకును ఇచ్చివేసితిమి. అందుచే విద్యార్థి చెవికి బిడ్డ యనగా తల్లిదండ్రుల నకలు అని ధ్వనించు పదము పాఠములో నిలిచినది.

మన భాషలో వేఱు ఉపమానములు లేకపోలేదు. ‘సంతానము’, ‘సంతతి’ అనునవి చాచుట, విస్తరించుట యను అర్థముగల ‘తన్’ ధాతువునుండి పుట్టినవి. ‘తంతువు’ వీనికి తోబుట్టువు. ఇచట పుట్టుక తెగని దారము. ‘వంశము’ వెదురు, కణుపు తరువాత కణుపు. దేశ్యపదములలో విభాగము మఱింత సూక్ష్మము. స్త్రీ కనును, ఆవు ఈనును, పిల్లి పిల్లలను పెట్టును, కోడి గ్రుడ్లు పెట్టి పొదుగును, విత్తు మొలచును. పొట్టకు వచ్చిన వరియు ఈనును. పశువునకును పైరునకును రైతు ఒకే క్రియను వాడుటలో, వృక్షజంతువులకు సామాన్యశక్తి యొకటి కలదని బ్యుఫాన్ చెప్పిన మాటకు చేరువయైన యెఱుక కానవచ్చుచున్నది.

ఐనను ఈ దేశ్యక్రియలలో నేదియు ‘ప్రత్యుత్పత్తి’ స్థానమును పొందజాలదు. శాస్త్రమునకు బాక్టీరియానుండి మనుష్యుని వఱకు వర్తించు సామాన్యపదము కావలెను. దేశ్యపదముల గొప్పతనము వాని విభాగమునందున్నది. కావున స్థిరపడిన పదమును తొలగింపుమని నేను చెప్పను. తరతరముల విద్యార్థులకు అలవాటైన పదమును మార్చుట మేలుకంటె గందరగోళమునే కలిగించును. నా ప్రార్థన చిన్నది. ఆ పదమును చెప్పు ఉపాధ్యాయుడు ఒక్క నిమిషము ఆగి, ఇది ఎండ్రకాయ కాలునుండి వచ్చిన మాట యని, ఇందలి ‘ప్రతి’ నకలు కాదని చెప్పవలెను. పిమ్మట విద్యార్థి యింటి మాటను పుస్తకపు మాట ప్రక్కన వ్రాయవలెను.

1978 జూలైలో ఇంగ్లండునందలి ఓల్డమ్‌లో, అదే యేట అక్టోబరులో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషివలన కలకత్తాలో, దేహము వెలుపల ఫలదీకరణము పొందిన శిశువులు జన్మించిరి. ఆ బిడ్డలు పుట్టినవారా, చేయబడినవారా యని లోకము తర్కించినది. నికేయా ప్రశ్నయే పదునాఱు శతాబ్దుల పిదప వైద్యశాలలో వినవచ్చినది. ఆ తల్లులకు మాత్రము ఈ సంశయము లేదు. వారు తమ బిడ్డలను మోసి కనిరి.

నా విద్యార్థికి నేడు సమాధానము చెప్పవలసివచ్చినచో ఇట్లందును : రెండును ఒకే సంగతిని చెప్పును గాని ఒకే మాట కాదు. పుస్తకము అన్ని ప్రాణులకును సామాన్యమైన దానిని చెప్పుచున్నది. మీ యిల్లు ఆ ఒక్క ఆవును, ఆ ఒక్క దూడను చెప్పుచున్నది. శాస్త్రమునకు మొదటిది లేనిదే గడవదు. రెండవదానిని మఱచినచో శాస్త్రము దేనిని గూర్చి చెప్పుచున్నదో మనకే తెలియకుండ పోవును.